జామీను సంతకానికి ముప్పై ఎనిమిది రోజులు

మొన్న శుక్రవారం సాయంత్రం నా పూర్వ విద్యార్థి ఒకడు జైలు నుంచి బయటికి వచ్చాడు. హైకోర్టు అతనికి బెయిలు ఇచ్చి అప్పటికి ముప్పై ఎనిమిది రోజులు. ఆ రోజులన్నీ పోయింది అతని నడవడిని విచారించడానికి కాదు, అతనికి జామీను ఉంటానన్న నా ఇల్లు, నా కాగితాలు, నా నడవడి సక్రమమైనవేనా అని తేల్చుకోవడానికి. నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఒక్క మెమో కూడా అందుకోకుండా ఉద్యోగం ముగించానని ఇంతకాలం గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

అతని మీద ఉన్న ఆరోపణ చిన్నదేమీ కాదు. నిషేధిత పార్టీకి ఉత్తరాలూ డబ్బూ చేరవేశాడని చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే అందరూ ఉపా అనే చట్టం కింద కేసు పెట్టారు. మామూలు కేసుల్లో అభియోగపత్రానికి గరిష్ఠ గడువు 90 రోజులైతే ఈ చట్టంలో దాన్ని 180 రోజుల దాకా పొడిగించవచ్చు. ఇతని విషయంలో చివరి వారం దాకా పొడిగించారు. ఆ తరువాత మూడేళ్ళు గడిచినా సాక్షుల విచారణ మొదలు కాలేదు. ఆరోపణలు పైకి నిజమని నమ్మడానికి ఆధారం కనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదని అదే చట్టంలోని 43డి(5) చెబుతోంది కనుక కింది కోర్టు రెండుసార్లు కాదన్నది. కె.ఎ. నజీబ్ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆధారం చేసుకుని హైకోర్టు చివరికి బెయిలు ఇచ్చింది. ఆ కేసులో నిందితుడైన నజీబ్ అప్పటికి ఐదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు, ఇంకా 276 మంది సాక్షులను విచారించవలసి ఉంది. తగిన కాలంలో విచారణ ముగిసే దారి లేనప్పుడు ఆ కఠినమైన నిబంధన కూడా రాజ్యాంగ న్యాయస్థానాల చేతులు కట్టివేయలేదని ఆ తీర్పు సారాంశం.

ఒక్కొక్కరు యాభై వేల రూపాయలకు ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. అతని తల్లి మా ఇంటికి వచ్చి, "సారూ, మీరు చదువు చెప్పిన పిల్లగాడే, మీకు తెల్వనిదేముంది" అని అరుగు మీద కూర్చుంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పకపోతే నేను దయామయుడినని ఎవరైనా పొరబడవచ్చు. నా భార్య తమ్ముడు వాళ్ళ ఊరి సర్పంచి. తొంభైల్లో ఒక రాత్రి దళం వచ్చి, ఇన్‌ఫార్మరన్న ముద్ర వేసి, ఊరి చివరికి తీసుకుపోయింది. తెల్లవారి శవాన్ని ఎడ్లబండి మీదికి ఎక్కించిన నలుగురిలో నేనొకణ్ణి. అందుచేత తుపాకీ పట్టినవాళ్ళ మీద గానీ వాళ్ళకు అన్నం పెట్టినవాళ్ళ మీద గానీ నాకు మమకారం లేదు. ప్రభుత్వం వాళ్ళను వెతకాలి, పట్టుకోవాలి, కోర్టులో నేరం రుజువు చేయాలి, శిక్ష వేయించాలి. అయితే ఆనాడు మా బావమరిదిని ఎవరూ ఏదీ అడగలేదు, అతని మాట వినలేదు, సాక్ష్యం చూడలేదు. నా విద్యార్థి నేరం చేశాడో లేదో నాకు తెలియదు. తెలుసునని ఘంటాపథంగా చెప్పేవాళ్ళను, ఏ వైపువాళ్ళనైనా సరే, నేను నమ్మను. రుజువు అడగకుండా శిక్ష వేసినవాళ్ళ మీద నాకు ముప్పై ఏళ్ళుగా ఉన్న కోపమే నా చేత ఈ జామీనుకు ఒప్పించింది. నా భార్య మాత్రం, "మీ ఇష్టం. నా సంతకం ఎక్కడా అడక్కండి" అని లోపలికి వెళ్ళిపోయింది. ఇల్లు నా పేరు మీదే ఉండటం వల్ల ఆ అవసరం రాలేదు.

రెండో జామీనుదారు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. నాతో పాటు పనిచేసిన మిత్రుడొకాయన మొదట ఒప్పుకుని మరునాడే ఫోన్ ఎత్తడం మానేశాడు. ములుగు జిల్లా తాడ్వాయి పోలీసులు 2022లో పెట్టిన ఉపా కేసులో 152 మంది పేర్లు ఉన్నాయని, వాటిలో పౌరహక్కుల కోసం మాట్లాడే ఆచార్య హరగోపాల్ పేరు కూడా ఉందని మరుసటి ఏడాది జూన్‌లో బయటపడిన సంగతి ఆయన మరచిపోలేదు. గగ్గోలు పుట్టిన తరువాత అప్పటి ముఖ్యమంత్రి చెప్పడంతో హరగోపాల్ గారి పేరు తీసివేశారు. మా మిత్రుడి పేరు ఎక్కితే తీసేయమని చెప్పేవాళ్ళెవరు? ఆయన్ను నేను తప్పు పట్టను, ఇకమీదట ఆయన ఇంటికి టీకి కూడా వెళ్ళను. చివరికి నా విద్యార్థి మేనమామ ముందుకు వచ్చాడు.

కాగితాల పని తేలికే. ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫోటోలు, మీసేవలో ఈసీ (ఇల్లు తాకట్టులో లేదని తెలిపే పత్రం), సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో మార్కెట్ విలువ పత్రం రెండు రోజుల్లో చేతికి వచ్చాయి. మండల కార్యాలయంలో ఆస్తి ధ్రువపత్రానికి మాత్రం ఐదుసార్లు తిరిగాను. అక్కడ మధ్యాహ్నం పూట ఎవరూ వెళ్ళకండి. ఉదయం పదిన్నరకు వెళ్ళి, బల్ల ముందు నిలబడి, కదలకండి. దరఖాస్తులో కారణం అనే గడిలో "బెయిలు కేసు" అని నేను నిజాయితీగా రాయడం వల్లనే ఆలస్యమైందని తరువాత అటెండరు చెప్పాడు, బ్యాంకు రుణమని రాసి ఉంటే ఒక్కరోజులో వచ్చేదట. ఎవరికీ అబద్ధం రాయమని నేను సలహా ఇవ్వలేను గానీ, వాళ్ళు మనచేత రాయించాలనుకునేది అదే.

కోర్టు వేరే జిల్లాలో ఉంది. స్థానిక జామీనుదారులే కావాలని గుమస్తా అభ్యంతరం పెట్టాడు. మా వకీలు అమ్మాయి, వయసులో చిన్నదైనా గట్టిది, మోతీరాం కేసు తీర్పు ప్రతిని బల్ల మీద పెట్టింది. ఒక తాపీమేస్త్రీకి పదివేల రూపాయల జామీను అడిగి, అదీ తమ జిల్లావాడే కావాలన్న మెజిస్ట్రేటును 1978లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ తప్పు పట్టిన తీర్పు అది. బస్తరులోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయిన ఆంధ్రుడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తేగలడని ఆయన అందులో అడిగారు. స్థానిక జామీను షరతు విధించకుండా ఉండవచ్చునని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్ళీ సూచించింది కూడా. జడ్జిగారు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, నా వివరాలు సరైనవో కాదో తెలుసుకుని నివేదిక ఇవ్వమని మా ఊరి పోలీసు స్టేషన్‌కు రాశారు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. కోర్టుల చుట్టూ దొంగ పన్ను రసీదులతో అద్దెకు జామీను ఉండేవాళ్ళు తిరుగుతూనే ఉంటారు. ఇలాంటి కేసులో నిందితుడు మాయమైతే రేపు నష్టపోయేది జనమే కాబట్టి, జామీనుదారు నిజంగా ఉన్నాడా, ఇల్లు అతనిదేనా అని చూసుకోవలసిందే.

ఆ నివేదిక కోసం జరిగిన పని మాత్రం వేరు.

మొదట ఒక కానిస్టేబుల్ ఇంటికి వచ్చి, ఇల్లు కాకుండా నా పుస్తకాల బీరువాను ఫోటో తీసుకున్నాడు. పై అరలో ఎర్ర కాలికో అట్టలు వేయించిన సంపుటాలను దగ్గరి నుంచి మరొక రెండు ఫోటోలు తీశాడు. అవి పదో తరగతి పాత ప్రశ్నపత్రాలు. ఆ మాట చెప్పాను, తల ఊపి మరొకటి తీశాడు. పుస్తకాలు దొరికినంత మాత్రాన, నిషేధిత సంఘంతో సంబంధం ఉన్నంత మాత్రాన నేరం చేసే ఉద్దేశం ఉన్నట్టు కాదని, ఉపా కింద అరెస్టయిన కేరళ కోజికోడ్ విద్యార్థుల కేసులో సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. పైగా నేను నిందితుణ్ణి కూడా కాదు. పై వాటాలో అద్దెకుంటున్న వాళ్ళను అడిగి వెళ్ళిన ప్రశ్నలేమిటో నాకు తెలియదు గానీ, ఆ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తామని వాళ్ళు అదే రాత్రి చెప్పారు.

రెండు రోజుల తరువాత స్టేషన్‌కు రమ్మన్నారు. ఉదయం పది గంటలకు వెళ్ళాను. ఎస్సై గారు బందోబస్తులో ఉన్నారని బల్ల మీద కూర్చోబెట్టారు. మంచినీళ్ళు అడిగితే ఇచ్చారు, అబద్ధమెందుకు. మధ్యాహ్నం నా విద్యార్థి ఒకడు సైకిలు పోయిందని ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చి, నన్ను చూసి నమస్కారం పెట్టబోయి, నేను కూర్చున్న బల్లను చూసి చేతులు దించుకున్నాడు. నాలుగున్నరకు ఎస్సై గారు వచ్చారు. ఇంటి సర్వే నంబరు అడుగుతారనుకుని పత్రాలు తీశాను. ఆయన వాటి వైపు చూడలేదు. జైల్లో ఎన్నిసార్లు కలిశారు, ఏ సంఘాల్లో ఉన్నారు, అమెరికాలో ఉన్న మీ అబ్బాయిది ఏ వీసా, డబ్బు పంపుతాడా, ఏ పత్రిక చదువుతారు అని అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను. అబ్బాయి పేరు చెప్పినప్పుడు మాత్రం గొంతు తడారింది.

ఆ తరువాత స్టేషన్ రాతకోతలు చూసే రైటర్ ఒక పలక తెచ్చాడు. నిజమైన పలక, ఒకటో తరగతి పిల్లలకు నేను ఎన్నో ఏళ్ళు పంచిన లాంటిదే. దాని మీద సుద్దతో నా పేరు, తేదీ రాసి, ఛాతీ మీద పట్టుకోమన్నాడు. నా ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయింది. అలవాటు కొద్దీ సుద్దముక్క అడిగి ఆ ఒత్తు పెట్టి మరీ పట్టుకున్నాను. గుర్తింపు కోసం ఫోటో కాబోలు అనుకున్నాను. ఎదురుగా ఒకటి తీశాడు. ఎడమ పక్కకు తిరగమన్నాడు. తిరిగాను. కుడి పక్కకు తిరగమన్నప్పుడు గానీ అది ఎవరికి తీసే ఫోటోనో నాకు తట్టలేదు. తట్టిన తరువాత కూడా తిరిగాను. ఈ అనుభవమంతటిలో నన్ను నేను క్షమించుకోలేని చోటు అదొక్కటే. ఒత్తు లోపం పట్టుకున్న మనిషికి ఆ పలక పట్టుకోకూడదని తోచలేదు.

సిరా మెత్త తెచ్చి వేలిముద్రలు అడిగినప్పుడు మాత్రం నిలబడ్డాను. రాతపూర్వకమైన ఉత్తర్వు చూపమన్నాను. రైటర్ నెమ్మదిగానే, "చట్టంలోనే ఉంది సార్, పూచీకత్తు ఇచ్చేవాళ్ళ కొలతలు తీసుకోవచ్చు" అన్నాడు. కొలతలంటే చట్టం భాషలో వేలిముద్రలు, ఫోటోల వంటివి. బయటికి వచ్చి వకీలుకు ఫోన్ చేశాను. అప్పుడు తెలిసింది అసలు కిటుకు. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో వచ్చిన చట్టంలో శిక్ష పడినవాళ్ళు, అరెస్టయినవాళ్ళతో పాటు, శాంతిభంగం చేయబోమని, మంచి నడవడితో ఉంటామని తమకు తాము పూచీకత్తు ఇవ్వాలంటూ ఆదేశం పొందినవాళ్ళు కూడా ఉన్నారు. మరొకరి కోసం కోర్టులో జామీను ఉండేవాడు వేరు. దర్యాప్తు కోసం మెజిస్ట్రేటు ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప అతని వేలు పట్టుకునే అధికారం వాళ్ళకు లేదు. తెలుగులో రెండింటికీ పూచీ అనే మాటే వాడతాం. సమానార్థకాలూ నానార్థాలూ జీవితమంతా బోధించిన నన్ను ఒక నానార్థం స్టేషన్‌లో నిలబెట్టింది. ఆ చట్టం కింద సేకరించిన కొలతలను 75 ఏళ్ళు భద్రపరుస్తారట. నాకిప్పుడు అరవై ఆరు.

లోపలికి వెళ్ళి ఈ తేడా చెప్పాను. ఎస్సై గారు కాసేపు ఆలోచించి, మెత్త తీసేయమన్నారు. దురుసుగా మాట్లాడలేదు. "పై నుంచి అడుగుతారు సార్, మా తిప్పలు మావి" అన్నారు. ఫోటోలు తొలగించమంటే, చూద్దామన్నారు. మీరెవరైనా ఇలాంటి చోటికి వెళ్ళవలసి వస్తే ఒంటరిగా వెళ్ళకండి, ఇంటికీ పన్నుకూ సంబంధించిన ప్రశ్నలకే జవాబు చెప్పండి, మిగతావి కాగితం మీద అడగమనండి. నేను చేయని పనులే ఇవన్నీ.

"అభ్యంతరం లేదు" అన్న ఒక్క వాక్యపు నివేదిక కోర్టుకు చేరడానికి మరొక పదకొండు రోజులు, రెండు వాయిదాలు పట్టాయి. కోర్టులో పని పది నిమిషాలు: ఇంతకు ముందు ఎవరెవరికి జామీను ఉన్నానో తెలిపే ప్రమాణపత్రం, బాండు, సంతకాలు.

జైలు నుంచి అతను నేరుగా మా ఇంటికే వచ్చాడు. సన్నబడ్డాడు, జుట్టు నెరిసింది. నా భార్య వంటింట్లోంచి బయటికి రాలేదు. నేనే మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, లోపలి వైపు ఒకసారి చూసి, వెళ్ళొస్తానని లేచాడు. ప్రతి వాయిదాకూ హాజరు కావాలని, తప్పితే ఈ ఇల్లు పోతుందని మాష్టారు గొంతుతోనే చెప్పాను. మరునాడు ఉదయం స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది: అతను మీ ఇంట్లో ఎంతసేపు ఉన్నాడు? పన్నెండు నిమిషాలని చెప్పాను.

నా మూడు ఫోటోలు ఏ అధికారంతో తీశారో తెలపాలని, లేకపోతే తొలగించి ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయాలని జిల్లా పోలీసు అధికారికి సోమవారం స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. సమాచార హక్కు దరఖాస్తు కూడా జతచేశాను. దానికి గడువు 30 రోజులు. ఉత్తరం అందినట్టు నిన్న ఫోన్‌కు సందేశం వచ్చింది. అందుకున్నవారి పేరు దగ్గర "రైటర్" అని ఉంది.