మాస్టారి కంబశ్చన్

మన బ్యాచ్‌లో ఎవరిని కదిపినా కెమిస్ట్రీ మాస్టారి ప్రయోగాల కంటే ముందు 'కంబశ్చన్' గుర్తు చేస్తారు. మేం గోల చేస్తుంటే గుమ్మంలో నిలబడి "ఏమిట్రా ఈ కంబశ్చన్?" అనేవారు. సరదాకి అంటున్నారనుకున్నాం. కాదట, మామూలుగా దహనం అని అర్థమున్న ఆ మాటకి షేక్‌స్పియర్ కాలంలో అల్లకల్లోలం అనే అర్థమూ ఉండేది. 'మాక్‌బెత్'లో అలాగే వాడాడు. ఇంటర్వెల్ తర్వాతి బి సెక్షన్‌కి అంతకంటే తగిన మాట లేదు.

మాస్టారిది నెల్లూరు. మద్రాసులో ఆయన ఆదివారాలన్నీ మూర్ మార్కెట్ పాత పుస్తకాల కొట్లలోనే గడిచేవి. 1985లో అది తగలబడేదాకా అంతే. అక్కడ బేరమాడి కొన్న, అట్ట ఊడిన లాటిన్ నిఘంటువు ఎప్పుడూ సంచిలో ఉండేది. సిలబస్ తొందరపెట్టినా దహనం పాఠాన్ని ఆయన తాపీగానే చెప్పారు.

లాటిన్‌లో 'ఊరెరె' అంటే కాల్చడం. దాని ముందు 'కోమ్' అనే ఉపసర్గ చేరి, కంబశ్చన్‌కి మూలమైన 'కోంబూరెరె' పుట్టింది. మరి మధ్యలో 'బ' ఎక్కణ్ణించి వచ్చింది? 'అంబ్' అంటే చుట్టూ. 'అంబ్-ఊరెరె'ని రోమన్లు 'అం-బూరెరె' అని విడదీసుకుని, లేని 'బూరెరె'కి 'కోమ్' తగిలించారు. "సంధి ఇలా విడదీస్తే మీ తెలుగు మాస్టారు మార్కులు కోస్తారు. వాళ్ళకి కోసేవాడు లేడు" అన్నారాయన. ఇంకా ఉంది. 'ఊరెరె'లో మొదటి 'ర' ఒకప్పుడు 'స'. రెండు అచ్చుల మధ్య పడి మారిపోయింది. 'ఉస్తుస్' (కాలిన) అనే రూపంలో 'త' పక్కన ఉంది గనక నిలిచింది, కంబశ్చన్‌లోకి వచ్చింది. సంస్కృతంలో దాని జ్ఞాతి 'ఉష్' ధాతువు, అంటే మన ఉష్ణం. ఫ్యాన్ తిరగని ఆ గదిలో ఈ మాటకి వివరణ అక్కర్లేకపోయింది. ఇగ్నిషన్‌కి అగ్నితో ఉన్న బంధుత్వాన్ని మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆయనకి జాలంతా ఫ్లోజిస్టన్ మీదే. వస్తువు మండితే అందులోంచి ఫ్లోజిస్టన్ అనే పదార్థం బయటికి పోతుందని జర్మన్ రసాయనవేత్త స్టాల్ శిష్యులు నమ్మేవారు. మా చేత మెగ్నీషియం రిబ్బన్‌ని క్రూసిబుల్‌లో కాల్పించి, బూడిద తూయించారు. బరువు పెరిగింది! పోయేదే ఉంటే పెరగడమేమిటి? ఫ్రెంచి రసాయనవేత్త లావోయిజర్ పట్టుకున్నది ఇక్కడే. గాలిలోంచి వచ్చి చేరేదానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు, 'ఆమ్లాన్ని పుట్టించేది' అని. ఆమ్లాలన్నిటిలోనూ అది ఉంటుందని ఆయన నమ్మకం. బెంచీ మీదున్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా చూపించి, "ఇందులో వెతకండి" అని నవ్వారు మాస్టారు. ఆ ఆమ్లంలో ఆక్సిజన్ లేదు మరి.

ఇవేవీ పబ్లిక్ పరీక్షలో రావని ఆయనే ముందు చెప్పారు. రాలేదు.