డిసెంబరు ఎండ లెక్క

హైదరాబాద్‌లో డాబా మీద సోలార్ పెట్టించుకునేవాళ్లు ముందు లెక్క వేసుకోవాల్సింది డిసెంబరు 21 ఎండని. ఆ రోజు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఏటవాలు ఎండ ఎక్కువ చోట పరుచుకుంటుంది కాబట్టి, ప్యానెల్ బల్లపరుపుగా ఉంటే నేరుగా వచ్చే కిరణాల్లో 76 శాతమే దక్కుతుంది. దాన్నే దక్షిణానికి 17 డిగ్రీలు వంచితే 91 శాతం.

వంపు 15 అయినా 20 అయినా ఏడాది మొత్తం మీద పెద్ద తేడా రాదు, దాని కోసం మేస్త్రీతో గొడవ పడక్కర్లేదు. 10 కంటే తగ్గిస్తే మాత్రం వాన నీళ్లు సరిగా జారక కింది అంచున మట్టి పేరుకుంటుంది.

అసలు చిక్కంతా నీడతోనే. డిసెంబరులో మూడడుగుల పిట్టగోడ నీడ మధ్యాహ్నం రెండున్నర అడుగులే, పొద్దున తొమ్మిదింటికి మాత్రం దాదాపు ఆరడుగులు. ఒక్క ప్యానెల్ మూల మీద పడినా, సిరీస్‌లో (ఒకదాని వెంట ఒకటిగా ఒకే లైనులో) కలిపిన మిగతావాటి ఉత్పత్తీ దెబ్బతినొచ్చు. వాటర్ ట్యాంకు ఉంటే ప్యానెళ్లు దానికి దక్షిణం పక్కన ఉండాలనేది అందుకే.

ఇక మేలో సూర్యుడు నడినెత్తిన ఉన్నా యూనిట్లు అనుకున్నంత రావు. ప్యానెల్‌లోని సెల్ వేడి 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున ఉత్పత్తి పోతూనే ఉంటుంది. డాబాకీ ప్యానెల్‌కీ మధ్య గాలి ఆడేలా స్టాండు ఎత్తు పెట్టించండి.