మైనస్ దగ్గర మార్కులు పోకుండా

మా తమ్ముడు కడపలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఫార్ములాలన్నీ నోటికొచ్చు. అయినా డెఫినిట్ ఇంటిగ్రల్స్‌లో, అంటే రెండు లిమిట్స్ (హద్దులు) మధ్య కట్టే ఇంటిగ్రల్స్‌లో, ప్లస్, మైనస్ గుర్తులు తారుమారయ్యేవి. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడేసరికి వాడికి టెన్షన్. సాయంత్రాలు పక్కన కూర్చుని చేయించడం మొదలుపెట్టాను.

ఎక్కడ తప్పుతోందో ఒక్క లెక్కలోనే తెలిసింది. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4ఎక్స్, 1 నుంచి 3 దాకా. ఇంటిగ్రేట్ చేస్తే ఎక్స్ క్యూబ్ బై 3 మైనస్ 2ఎక్స్ స్క్వేర్. 3 పెడితే మైనస్ 9, అది సరిగ్గానే రాశాడు. 1 పెట్టినప్పుడు మాత్రం బ్రాకెట్ లేకుండా "మైనస్ 1 బై 3 మైనస్ 2" అన్నాడు. తీసేయాల్సింది మొత్తాన్ని, వాడి మైనస్ మొదటి పదానికే తగిలింది. జవాబు మైనస్ 34 బై 3 అని తేల్చాడు.

లోయర్ లిమిట్, అంటే 1 దగ్గరి విలువను విడిగా కట్టమన్నాను. 1 బై 3లోంచి 2 పోతే మైనస్ 5 బై 3. దాన్ని మైనస్ 9లోంచి తీసేస్తే మైనస్ 22 బై 3.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది జవాబును ముందే అంచనా కట్టడం. ఆ ఫంక్షన్ 1, 3 దగ్గర మైనస్ 3, మధ్యలో 2 దగ్గర మైనస్ 4. వెడల్పు 2. కాబట్టి జవాబు మైనస్ 8కీ మైనస్ 6కీ మధ్యలోనే ఉండాలి. మైనస్ 34 బై 3 అంటే మైనస్ 11 దాటిపోయింది. అది చూసి వాడే కొట్టేశాడు. టైం పోతుందని మొదట్లో గొణిగాడు గానీ, తప్పు లెక్క మళ్లీ చేయడానికి పట్టేంత టైం కాదిది.

మైనస్ తడబెట్టే ఇంకో చోటు సైన్ ఎక్స్. దాని ఇంటిగ్రల్ మైనస్ కాస్ ఎక్స్. సున్నా నుంచి పై (π) దాకా అయితే, మైనస్‌ని బయటకు తెచ్చి లిమిట్స్ తిప్పేస్తే కాస్ సున్నా మైనస్ కాస్ పై, అంటే 2. సబ్‌స్టిట్యూషన్‌లోనూ అంతే. 1 మైనస్ ఎక్స్‌ని టీ అనుకుంటే డీఎక్స్ మైనస్ డీటీ అవుతుంది, లిమిట్స్ 0, 1 కాస్తా 1, 0 అవుతాయి. వాటిని తిప్పుకుంటే ఆ మైనస్ అక్కడితో ఖర్చయిపోయినట్టే. చాలామంది తిప్పాక కూడా దాన్ని ఉంచేస్తారు.

"ఇంటిగ్రల్ అంటే ఏరియా కదక్కా, మైనస్ ఎట్లొస్తుంది?" అని ఒకరోజు అడిగాడు. మంచి ప్రశ్న. ఎక్స్ అక్షం కింద ఉన్న భాగం ఇంటిగ్రల్‌లో మైనస్‌గానే లెక్కకొస్తుంది. అందుకే సైన్ ఎక్స్‌కి 0 నుంచి 2పై దాకా ఇంటిగ్రల్ సున్నా. వైశాల్యం అడిగితే మాత్రం పై దగ్గర విడగొట్టి, రెండో ముక్క గుర్తు మార్చి కలపాలి. అప్పుడు 4 వస్తుంది.