పాలు కూడా అన్నం లెక్కే

మా బాబుకు ఆరేళ్లు. గజ్జల్లో హెర్నియా ఉంటే కడపలో ఆపరేషన్ చేయించాం. ప్రొద్దుటూరు నుంచి పోయిన మొదటిసారి ఆపరేషన్ చేయకుండానే తిప్పి పంపారు. తప్పు మాదే.

చెకప్‌లో మత్తు డాక్టర్ గారు ఎన్ని గంటల ముందు ఏమి మానేయాలో చెప్పారు. నేను తలూపి వచ్చేశాను, ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పలేదు. తెల్లవారుజామున నేను స్నానానికి పోయినప్పుడు వాడు ఆకలని ఏడ్చాడు. వాళ్ల జేజి గ్లాసుడు పాలు తాపింది. "అన్నం పెట్టలేదమ్మా, పాలే కదా" అంది పాపం. ఆస్పత్రిలో అడిగినప్పుడు దాచేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

డాక్టర్ గారు కోప్పడలేదు, కూర్చోబెట్టి చెప్పారు. మత్తులో ఉన్నప్పుడు దగ్గడం, మింగడం ఏవీ పనిచేయవు. కడుపులో ఉన్నది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు కడుపులో విరిగి గడ్డకడతాయి కాబట్టి 6 గంటల ముందే ఆపాలి. తల్లిపాలైతే 4 గంటలు. నూనె పలహారాలకు 8 గంటలు. మంచినీళ్లు మాత్రం 2 గంటల ముందు దాకా తాపొచ్చు. రాత్రి నుంచి బిడ్డ నోరు ఎండబెట్టాల్సిన పనే లేదు!

ఆ తర్వాత వాడికి జలుబు, జ్వరం. ఈసారి నేనే ఫోన్ చేసి చెప్పాను, ఇంకొన్ని వారాలు వాయిదా వేశారు. జలుబున్నప్పుడు మత్తిస్తే ఊపిరికి ఇబ్బందట. వాడి ముందుపన్ను కదులుతున్న సంగతి కూడా చెప్పాను. ఊడి గొంతులో పడే ప్రమాదం ఉందని రాసుకున్నారు.

ఈలోగా ఇంట్లో ఉన్న నెబులైజర్ మాస్కుతో రోజూ ఆడించాను. "ఇలాంటిదే పెడతారు నాయనా, బుడగ ఊదినట్టు ఊదు, నిద్రొస్తుంది. లేచేసరికి అమ్మ ఉంటుంది" అని చెప్పాను. నొప్పే ఉండదని మాత్రం అబద్ధం చెప్పలేదు.

ఆపరేషన్ 9 గంటలకు. డాక్టర్ గారు చెప్పిన టైములు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి వంటింట్లో అంటించాను. కార్లో నీళ్ల సీసా జేజి చేతిలోనే ఉంది. ఏడు కొట్టగానే వాడికి ఒక గుక్క తాపి, మూత బిగించి, సంచిలో అడుగున పెట్టేసింది.

మాస్కు పెట్టినప్పుడు వాడు ఏడవలేదు, ఊదాడు. మత్తు దిగేటప్పుడే టెన్షన్ పడ్డాం. నన్ను గుర్తుపట్టకుండా కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చాడు. కొందరు పిల్లలు అలా చేస్తారు, కాసేపట్లో తగ్గుతుందని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. అలాగే తగ్గింది. మధ్యాహ్నం కళ్లు తెరిచి "జేజీ, పాలు" అన్నాడు.

ఆమె గ్లాసు ముట్టుకోలేదు. నర్సమ్మ వైపు తిరిగి, "ఇప్పుడియ్యొచ్చా అమ్మా?" అని అడిగింది.