వదిన నుదురు, మా ఆయన కుడి చెంప

రెండో శనివారం. బడి లేదు కాబట్టి లెసన్ ప్లాన్లు రాసుకుని మధ్యాహ్నం ఒక కునుకు తీద్దామనుకున్నాను. పొద్దున్నే కోవూరు నుంచి వదిన ఫోన్. "ఏమ్మే, ఖాళీగా ఉండావా? పొగతోటకి పోవాల, నువ్వూ రా" అంది. పొగతోట పేరెత్తితే నెల్లూరులో ఎవరికైనా గుండె జారుతుంది. ఆ సందుల నిండా ఆసుపత్రులూ స్కానింగ్ సెంటర్లే కదా. ఎవరికి ఏమైందోనని కంగారుపడ్డాను. "ఎవురికీ ఏం కాలేదులే. నా మొహానికి" అంది.

మా ఆయనకి అక్క ఆవిడ. 54 ఏళ్లు. పెద్దకొడుకు పెళ్లి శ్రావణంలో. నిశ్చితార్థం ఫోటోలు వచ్చిన దగ్గర్నుంచీ మనిషి మనిషిలో లేదు. పెళ్లికూతురి తల్లి పక్కన నిలబడితే తాను వియ్యపురాలిలా లేదట, పెళ్లికొడుకు అమ్మమ్మలా ఉందట. ఆ తర్వాత ఫోన్‌లో ఒకదాని వెనక ఒకటి వీడియోలు చూసి, కనుబొమల మధ్య ఇంజెక్షన్ వేయించుకోవాలని ఖాయం చేసేసుకుంది. అన్నయ్యగారికి మాత్రం చెప్పలేదు. చెబితే ఆ డబ్బులతో కల్యాణ మండపంలో ఇంకో రెండు ఏసీలు పెట్టిద్దాం అంటాడని ఆమె భయం.

మృగశిర కార్తె వచ్చి కూడా ఎండ తగ్గలేదు. రాష్ట్రమంతా వానలని వార్తల్లో చెబుతుంటారు కానీ, నెల్లూరుకి అసలు వానలు అక్టోబరు వచ్చాకే. ఆటో దిగేసరికి వదిన కొంగుతో మొహం కప్పుకుని ఉంది, కళ్లు మాత్రం కనపడుతున్నాయి. మా ఆయన విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గరికి పోవాలి, దారిలో మమ్మల్ని దింపుతానని కారు తీశాడు. తీరా అక్కడికెళ్లాక, లోపల ఏసీ ఉందని ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు.

కారులోనే నేను కొంచెం టీచరమ్మ వేషాలు వేశాను. నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతే కండరం ముడుచుకుంటుంది, ఆ విడుదలని ఆపే మందే బొటాక్స్, అది బోటులినం అనే విషం నుంచి తీసిందే అన్నాను. "విషమా!" అని వదిన సీట్లో ముందుకి జరిగింది. కంగారుపడొద్దు, 1820ల్లో జర్మనీలో కెర్నర్ అనే డాక్టరు, పాడైన మాంసం సాసేజ్‌లు తిని మనుషులు చచ్చిపోతుంటే దాని సంగతి రాశాడు, వాళ్లకి తిండితో పోయింది ఎక్కువ, మీకు ఇచ్చేది రవ్వంత అని చెప్పాను. అసలు ఈ మందు అందం కోసం పుట్టింది కాదు. 1989లో అమెరికాలో అనుమతి ఇచ్చింది మెల్లకన్నుకీ, రెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకీ. కెనడాలో వాంకోవర్‌లో జీన్ కారుదర్స్ అనే కంటి డాక్టరమ్మ, రెప్పల కోసం సూది వేయించుకున్న వాళ్లకి కనుబొమల మధ్య గీతలు కూడా పోతున్నాయని గమనించింది. ఆమె భర్త అలెస్టర్ చర్మం డాక్టరు. ఇద్దరూ కలిసి 1992లో ఆ సంగతి రాశారు. కనుబొమల గీతలకని అమెరికా అనుమతి వచ్చింది 2002లో. వదిన ఇదంతా వింటున్నట్టే ఉంది కానీ, "మొగుడూ పెళ్లాం ఒకే పని మీద ఉంటే ఎంత బాగుంటుందో చూడు" అని మాత్రం అంది.

క్లినిక్‌లో మొటిమల కుర్రాళ్లు, బట్టతల కోసం వచ్చిన పెద్దమనిషి, తల్లితో వచ్చిన పెళ్లికూతుళ్లు. గోడల మీద బొమ్మలన్నీ తెల్లవాళ్ల మొహాలే. ముందు ఒక రకం, తర్వాత ఒక రకం. ఆ బొమ్మలు మనకి పనికిరావని లోపలికెళ్లాక అర్థమైంది.

డాక్టరమ్మ చిన్న వయసు. వదినని వెలుతురు కింద కూర్చోబెట్టి "ఒకసారి కోపంగా చూడండమ్మా" అంది. వదినకి సిగ్గొచ్చి నవ్వు ఆగలేదు. మళ్లీ చూడమంటే మళ్లీ నవ్వు. మూల కుర్చీలోంచి మా ఆయన, "అక్కా, పెళ్లి వీడియో ఖర్చంతా మనమే పెట్టుకోవాలని పెళ్లికూతురి వాళ్లు కబురు పంపించారు" అన్నాడు. వదిన నుదుటి మీద 11 అంకె వేసినట్టు రెండు నిలువు గీతలు లేచి నిలబడ్డాయి. "ఆ! ఇదే కావాలి" అంది డాక్టరమ్మ. అబద్ధమని తెలిశాక కూడా ఆ గీతలు పూర్తిగా పోలేదు. డాక్టరమ్మ చూసింది కూడా అదే. మొహం ముడిచినప్పుడు మాత్రమే వచ్చే గీత సూదితో దాదాపు పోతుందట. ఊరికే కూర్చున్నా కనపడే గీత పలచబడుతుంది కానీ మొత్తం పోదట. మామూలుగా అక్కడికి 20 యూనిట్లు, యూనిట్ లెక్కన డబ్బులు. మూడు నాలుగు రోజులకి పని మొదలుపెడుతుంది, రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలుంటుంది. అంటే పెళ్లికి నెల ముందు వేయించుకుంటే సరి. దీపావళి దాటాక వదిన కోపం వదినకి తిరిగి వచ్చేస్తుంది.

ఇంజెక్షన్ మీద నాకు చిన్నచూపేమీ లేదు. తల నెరిస్తే రంగేసుకుంటాం, పళ్లూడితే కట్టించుకుంటాం, నుదుటి గీత దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరికీ నీతులు గుర్తొస్తాయి. ఆవిడ డబ్బులు, ఆవిడ నుదురు.

కానీ డాక్టరమ్మ చూపు నుదుటి మీద ఆగలేదు. లైటున్న చిన్న అద్దం లాంటిది చెంప మీద ఆనించి చాలాసేపు చూసింది. నన్ను కూడా చూడమంది. బుగ్గల మీద మంగు మచ్చలు ఉన్నాయని నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆ అద్దంలోంచి కనపడింది వేరు. మచ్చల మధ్యలో చర్మం ఎంత పలచగా ఉందంటే, కింద ఎర్రటి సన్న రక్తనాళాలు కొమ్మలు కొమ్మలుగా చీలి స్పష్టంగా కనపడుతున్నాయి. మీసం దగ్గర నూగు వెంట్రుకలు కూడా పెరిగాయి. "ఏం క్రీము రాస్తున్నారు?" అని అడిగింది. వదిన తడుముకోకుండా పర్సులోంచి ట్యూబు తీసింది. ఎవరో చెబితే మెడికల్ షాపులో కొన్నదట. రాసిన వారానికే మొహం తెల్లబడిందని, అప్పటినుంచీ మానలేదట. మానితే మంట, ఎరుపు, మళ్లీ రాస్తే హాయి.

అది స్టెరాయిడ్ కలిసిన క్రీము. చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా చీటీ అడిగేదెవరు? కొన్ని వారాలపాటు, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందుని వదిన స్నోలాగా పూసుకుంటోంది. ముసలితనం రాకుండా చేస్తుందనుకున్నదే చర్మాన్ని పలచన చేసింది. డాక్టరమ్మ కోప్పడలేదు. ఒక్కసారిగా మానితే మొహం భగ్గుమంటుంది, అందుకే మెల్లగా తగ్గించుకుంటూ రావాలని, ఏ రోజు ఏం రాయాలో కాగితం మీద రాసిచ్చింది. యాసిడ్‌తో చర్మం పై పొర ఊడదీసే పీలింగూ, లేజరూ ఇప్పుడు వద్దే వద్దంది. మన రంగు చర్మానికి ఎక్కువ వేడి తగిలినా యాసిడ్ ఘాటు తగిలినా, మచ్చ పోవడం అటుంచి, తగిలిన చోట కొత్త మచ్చ పడుతుందట.

అక్కడ ఆమె చెప్పిన ఒక మాట నేను బస్సులోనో బడిలోనో ఎన్నిసార్లు చూసినా గమనించనిది. తెల్లవాళ్లకి వయసు ముందు ముడతల్లో కనపడుతుంది. మనకి చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి ముడతలు ఆలస్యంగా వస్తాయి. బదులుగా మంగు, నల్లమచ్చలు, కళ్ల కింద నలుపు ముందొస్తాయి. వదినని అమ్మమ్మలా చూపించింది నుదుటి గీతలు కాదు, బుగ్గల మీద మచ్చలు. వీడియోల్లో చూసి తెచ్చుకున్న వైద్యం వేరేవాళ్ల మొహానిది.

నిమ్మకాయ సంగతి కూడా బయటపడింది. పొదలకూరు నుంచి బంధువులు బస్తాల్లో నిమ్మకాయలు పంపుతారు. రసం పిండాక చెక్కని మొహానికి రుద్దుకుని, డాబా మీద బట్టలు ఆరేసేది వదిన. నిమ్మతొక్కులో ఉండే పదార్థానికి ఎండ తగిలితే చర్మం కాలి నల్లబడుతుందని డాక్టరమ్మ చెప్పగానే, మా ఆయన అంతవరకూ ఆపుకున్న నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆ నవ్వే ఆయన కొంప ముంచింది. డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, "మీరు కారు ఎక్కువగా నడుపుతారా?" అంది. మేత కంపెనీలో పని, కావలి నుంచి ఒంగోలు దాకా హైవే మీదే సగం జీవితం అన్నాడాయన. "అద్దంలో చూసుకోండి, కుడి చెంప ఎడమ చెంప ఒకేలా ఉన్నాయా?" ఇన్నేళ్లు కాపురం చేసి నేను గమనించలేదు. కుడి కంటి పక్కన గీతలు లోతుగా, ఆ వైపు చెంప ఒక ఛాయ నలుపు, చెవి కింద చర్మం గరుకు. ఎడమ వైపు చూస్తే ఐదారేళ్లు చిన్నవాడిలా ఉన్నాడు.

2012లో ఒక వైద్య పత్రికలో అమెరికా ట్రక్కు డ్రైవరు ఫోటో వచ్చిందట, నేను ఇంటికొచ్చి వెతికి చూశాను. 69 ఏళ్ల మనిషి. 28 ఏళ్లు ట్రక్కు నడిపాడు. వాళ్లకి స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి ఎడమ సగం మొహం వేలాడిపోయి, మడతలు మడతలుగా ఉంది. కుడి సగం మామూలు పెద్దాయనది. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే వయసు. ఎండ ఒక్కటే తేడా. ఎండలో చర్మాన్ని కాల్చే యూవీబీని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది. లోపలికి దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ని తినేసే యూవీఏ మాత్రం అద్దంలోంచి వచ్చేస్తుంది. కారు ముందు అద్దం పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి నయం, పక్క అద్దాలతోనే బాధ. కమిలిపోదు, మంట పుట్టదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. మనవైపు బస్సు డ్రైవర్లు కొంతమంది కుడివైపు తుండుగుడ్డ వేలాడదీస్తారే, వాళ్లు వైద్య పత్రికలు చదివి చేశారా?

మా బుచ్చిరెడ్డిపాళెం దారిలో నాట్లు వేసే ఆడవాళ్లని చూస్తుంటాను. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకి తువ్వాలు, మెడ దాకా. స్కూటీ మీద పోయే పిల్లలు మొహానికి చున్నీ చుట్టుకుంటారు. ఎండకి గుడ్డ అడ్డంపెట్టాలని మనకి ఎప్పటినుంచో తెలుసు. కాకపోతే అంతా నల్లబడతామనే భయం. నేను సన్‌స్క్రీన్ రాసుకుంటుంటే స్టాఫ్‌రూములో "ఈ వయసులో తెల్లబడి ఏం చేస్తావు టీచరమ్మా" అంటారు. తెల్లబడటానికి కాదంటే నమ్మరు. ఆస్ట్రేలియాలో తొమ్మిది వందల మందిని నాలుగున్నరేళ్లు గమనించి, 2013లో ఫలితం చెప్పారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మంలో వయసు గుర్తులు, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్ల కంటే 24 శాతం తక్కువ. ఏ సెలూన్‌లోనూ ఇంత కచ్చితమైన మాట ఎవరూ ఇవ్వరు. ఎస్పీఎఫ్ 30 అంటే యూవీబీలో 97 శాతం ఆపుతుంది, 50 అంటే 98. తేడా అంతే, ఎక్కువ అంకె చూసి ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు. కానీ రెండు వేళ్ల పొడవునా తీసి మొహానికీ మెడకీ రాయాలి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. మనం రాసేది చుక్కంత. మంగు ఉన్నవాళ్లకి మాత్రం రంగు కలిసింది మంచిదట. మామూలు వెలుతురు కూడా మంగుని పెంచుతుంది, ఆ రంగులోని ఐరన్ ఆక్సైడ్ ఆ వెలుతురుని ఆపుతుంది. వదినకి అదే రాసిచ్చింది.

బయట కూర్చున్నప్పుడు పక్కనున్నావిడ తన స్నేహితురాలు బ్యూటీ పార్లర్‌లోనే ఫిల్లర్ వేయించుకుందని, సగం ధరేనని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఫిల్లర్ అంటే ఎక్కువగా హయలురోనిక్ యాసిడ్ జెల్, చర్మం కింద నింపుతారు. పొరపాటున రక్తనాళంలోకి పోతే ఆ చోట చర్మం చచ్చిపోతుంది, కంటి చూపే పోవచ్చు. కరిగించే మందు ఉంది, కానీ అది చేతిలో ఉండాలి, తెలిసిన చెయ్యి ఉండాలి. ఫేషియల్ చేసే కుర్చీలో సూది ఏమిటి? గట్టిగానే చెప్పాను. ఆవిడ అటు తిరిగి ఫోన్ చూసుకుంది.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. వదిన చేపల పులుసు మెచ్చుకుంటూనే, "నిమ్మకాయ పిండుకోవచ్చా, అది కూడా వద్దందా ఆమె?" అంది. మా ఆయన గుంటల దగ్గరికి బయల్దేరుతుంటే నా సన్‌స్క్రీన్ ట్యూబు అందించాను. "రొయ్యలకి మేత వేసేవాడికి క్రీమేంది" అని కసిరి, కుడి చెంప ఒక్కదానికే రాసుకుని పోయాడు. ఎడమది ఎందుకు వదిలేశారంటే, అది బాగానే ఉందని ఆమే చెప్పింది కదా అంటాడు.

రాత్రి వదిన మళ్లీ ఫోన్. ఆ స్టెరాయిడ్ ట్యూబు బీరువాలో పెట్టి తాళం వేసిందట. పారేయలేదా అంటే, కాగితంలో రాసిన ప్రకారం వాడాలి కదా అంది, అది సబబే. మొహం అప్పుడే చిమచిమలాడుతున్నట్టుందని టెన్షన్. మొదటి రోజే అలా ఏం ఉండదని సర్దిచెప్పాను. "మచ్చల సంగతి మెల్లగా చూస్తాం కానీ, నుదుటి సంగతి మాత్రం నేను వదల్ను" అంది. నాలుగు వారాలు దాటాక చూసి, అప్పటికి చర్మం కుదురుకుంటే నుదుటికి సూది వేస్తానని డాక్టరమ్మ అంది మరి. క్యాలెండర్ చూసి ఒక తేదీ చెబితే అది మంగళవారం పడిందని వద్దంది, మంగళవారం మొహానికి సూదేంటని. బుధవారానికి మార్చమంది. బుధవారమంటే నాకు బడి, సీఎల్ పెట్టాలి. కారణం దగ్గర సొంత పని అని రాస్తే సరిపోతుందనుకుంటా.