జర్మన్‌లో గాలి మాటలు: నా అనుభవం

జర్మన్ వాతావరణ పదాలన్నీ జర్మనీ వాతావరణ సంస్థ డాయిచర్ వెట్టర్‌డీన్‌స్ట్ రోజువారీ సూచనలు చదివే నేర్చుకున్నాను. అందులోనూ ష్లేస్విగ్-హోల్‌ష్టైన్ రాష్ట్రానివి ఎంచుకున్నాను. రెండు పక్కలా సముద్రం ఉంది కాబట్టి అక్కడి సూచనలో గాలి ప్రస్తావన తప్పకుండా ఉంటుంది.

గాలికి వాడే ప్రతి విశేషణం వెనకా బోఫర్ట్ అంకె, అంటే గాలి బలాన్ని కొలిచే స్కేలు మీద అంకె ఒకటి ఉంటుంది. రెండూ కలిపి నేర్చుకోవాలి. ష్వాఖ్ (బలహీనమైన) అంటే 3, గంటకు 12–19 కి.మీ. మేసిష్ (మధ్యస్థమైన) 4. ఫ్రిష్ (తాజా) 5, అంటే 29–38 కి.మీ. హాయైన పిల్లగాలి అనిపించే మాటే గానీ, చిన్న చెట్లు ఊగిపోయే గాలి అది. ష్టార్క్ (బలమైన) 6, ష్టైఫ్ (బిర్రైన) 7, ష్ట్యుర్మిష్ (తుఫానులాంటి) 8. ష్టుర్మ్ అనాలంటే 9కి, అంటే 75 కి.మీ.కి చేరాలి. 118 కి.మీ. నుంచి ఓర్కాన్, అంటే అన్నిటికన్నా భీకరమైన గాలి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ష్టుర్మ్ దగ్గరే, దాన్ని గాలివాన అనుకుంటారు. గాలివాన అనగానే మనకు గాలీ వానా కలిసే గుర్తొస్తాయి. ష్టుర్మ్‌లో వాన ఉండాలని లేదు, అది గాలి వేగం మాత్రమే. ఉరుములు మెరుపులుంటే గెవిట్టర్. కాసేపు కురిసి ఆగే జల్లు షౌఅర్, సన్నటి తుంపర నీజెల్‌రేగెన్.

లింగం విషయంలో కొంత సులువుంది. వింట్ (గాలి), ష్టుర్మ్, రేగెన్ (వాన), ష్నే (మంచు), హాగెల్ (వడగళ్లు), నేబెల్ (పొగమంచు) అన్నిటికీ పుంలింగపు ఆర్టికల్ డేర్. బ్రీజె (పిల్లగాలి), బ్యోఎ రెండూ స్త్రీలింగం, డీ; గెవిట్టర్ నపుంసకలింగం, దాస్. బ్యోఎ అంటే ఉన్నట్టుండి విసురుగా వచ్చే గాలి. ఓ అనేటట్టు పెదవులు గుండ్రంగా చుట్టి, లోపల ఏ పలికితే ఆ అచ్చు వస్తుంది.

సూచనల్లో ఆర్టికల్ రాయరు, లింగం విశేషణం చివర తేలుతుంది: ష్టార్కర్ వింట్ ఔస్ వెస్ట్ (పడమటి నుంచి బలమైన గాలి), ష్టార్కె బ్యోఎ (బలమైన విసురుగాలి), బై ష్టార్కెమ్ వింట్ (బలమైన గాలి ఉన్నప్పుడు). అందుకే పదాలు గుర్తుపెట్టుకోడానికి రాసుకునే కార్డు మీద విడి పదం రాయను. ఆర్టికల్‌తో నామవాచకం, బోఫర్ట్ అంకె, సూచనలోంచి ఒక పూర్తి పదబంధం, ఈ మూడూ ఉండాల్సిందే.

ఇవి వచ్చాక పాత తుఫానుల వార్తలు చదవండి. 2007 జనవరిలో కిరిల్, 2020 ఫిబ్రవరిలో జబీనె వచ్చినప్పుడు దూరప్రాంత రైళ్లు ఆపేశారు. చెట్లు కూలడం, రైళ్లు రద్దవడం లాంటి మాటలన్నీ ఆ కథనాల్లో దొరుకుతాయి. జర్మనీలో చదువుకుంటున్నవాళ్లు ఉన్‌వెట్టర్ (ప్రమాదకరమైన వాతావరణం) అన్న మాట మాత్రం ముందే నేర్చుకోవాలి. హెచ్చరికల పటంలో పసుపు, నారింజ రంగులకు అది వాడరు. ఎరుపు, ఊదా రంగులకే వాడతారు.