నాయన తుపాకి, నేను నేర్చుకున్న లెక్క

నాయన పెద్దకర్మ అయిన మరుసటి రోజు అమ్మ బీరువాలోంచి తుపాకి లైసెన్సు తీసి నా చేతిలో పెట్టింది. "ఆయన లేనప్పుడు అది ఇంట్లో ఉండకూడదంట. స్టేషన్లో అప్పజెప్పి రాబ్బయ్యా" అనింది. చంద్రగిరి పక్కన శేషాచలం కొండ కిందే మా చెనిక్కాయ చేను. పందులు దిగే రాత్రుల్లో నాయన మంచె మీద ఆ డబుల్ బ్యారెల్ తుపాకి పెట్టుకుని కూర్చునేవాడు. పన్నెండు బోరు, ఇంగ్లండు తయారీ, మా తాత కొన్నది.

తుపాకీనీ, అటక మీదున్న తూటాల డబ్బానూ స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకున్నా. వారసుడిగా లైసెన్సుకు అర్జీ పెట్టా. వారసత్వ సర్టిఫికెట్, ఇద్దరు అక్కల నుంచి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా, డాక్టరు సర్టిఫికెట్, పోలీసు విచారణ, తుపాకి వాడకంలో శిక్షణ పొందినట్టు కాగితం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయింది కదా, నాయన పాత ఫైలు చిత్తూరులో ఉండిపోయింది. అది కూడా జత చేశాక లైసెన్సు వచ్చింది. ఇప్పుడది ఐదేళ్లకు ఇస్తున్నారు. కాగితాల సంగతి ఇంతే. నేను రాయాలనుకున్నది తూటాల గురించి.

డబ్బాలో ఎర్ర తూటాలు తొమ్మిది, పసుపురంగువి రెండు ఉన్నాయి. అప్పజెప్పిన రోజే ఆ రెండిటినీ స్టేషన్లో వేరుగా రాసుకున్నారు, నాకు తిరిగి ఇవ్వలేదు. అవి 20 బోరువి. ఒకప్పుడు మా చిన్నాయనకు ఆ తుపాకి ఉండేది, ఎప్పుడో కలిసిపోయినట్టున్నాయి. చిన్న తూటా పెద్ద తుపాకిలో పేలదులే, ఏమవుతుంది అనుకున్నా అప్పుడు.

తుపాకి చేతికొచ్చాక వాడే ముందు ఒకసారి చూపించాలని, తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. ముందుగా ఆ పసుపు తూటాల మాటే అడిగా. ఆయన చేతిలో పని ఆపేశాడు.

"సామీ, అన్నిట్లోకీ చెడ్డది అదే. 20 బోరు తూటా 12 బోరు గొట్టంలో వేస్తే అంచు ఆగదు. లోపలికి జారి, గొట్టం సన్నబడే చోట ఇరుక్కుంటుంది. నువ్వు తూటా వేయలేదనుకుని ఇంకో 12 బోరుది పెడతావు. దాని వెనకాల అది చక్కగా పడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే గొట్టం పగిలేది నీ ఎడమ చెయ్యి ఉండే చోటే."

20 బోరు తూటాలకు పసుపురంగు పెట్టే ఆనవాయితీ అందుకే వచ్చిందని చెప్పాడు. బోరు అంటే ఏమిటో కూడా ఆయన దగ్గరే తెలిసింది. ఒక పౌను సీసాన్ని, అంటే దాదాపు 454 గ్రాములను, పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో అది 12 బోరు, సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరవై గుండ్లు చేస్తే 20 బోరు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

తర్వాత గొట్టాలు ఊడదీసి, తిరగేసి చూపించాడు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ ముద్రలు, అంటే గొట్టం ఒత్తిడికి ఆగుతుందని పరీక్షించి వేసేవి, వాటి పక్కన 2½ అని. అది తూటా కూర్చునే గది పొడవు, అంగుళాల్లో. తూటాల లెక్కలో దాన్ని 65 మిల్లీమీటర్లు అంటారు. నాయన ఎర్ర తూటాల మీద మాత్రం 70 అని ఉంది.

"అవి ఇందులో పడతాయి కదా?" అన్నా.

"పడతాయి. మోసం అక్కడే." తూటా మీద రాసే పొడవు అది పేలి, మూతి మడత విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మడతపెట్టి ఉంటుంది గనక పొట్టిది, 65 గదిలో హాయిగా దూరుతుంది. పేలినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటుండదు. మూతి సన్నటి గొట్టంలోకి తోసుకుపోయి గుండ్ల దారిని ఇరుకు చేస్తుంది, లోపల ఒత్తిడి అమాంతం పెరుగుతుంది.

తుపాకిని వెలుతురుకు ఎత్తిపట్టి, గొట్టాలకూ వెనక దిమ్మెకూ మధ్య సన్నటి సందు చూపించాడు. ఒక్కరోజులో వచ్చిన వదులు కాదన్నాడు. పంది దిగిన మరునాడు పొద్దున నాయన భుజానికి కొబ్బరినూనె రాయించుకునేవాడు. వయసైపోయిందబ్బా అనేవాడు. ఆ మాట గుర్తొచ్చి నాకు నోట మాట రాలేదు. చదవడం రాని మనిషి కాదు. ఆ ముద్ర ఎక్కడుంటుందో ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

ఎర్రవి తొమ్మిదీ లైసెన్సున్న దుకాణంలో రాతపూర్వకంగా అప్పగించా. ఎన్నేళ్ల నుంచి అటక మీది ఉక్కలో పడున్నాయో కూడా తెలియదు. చెమ్మ పట్టిన తూటా ఠప్పున పేలక ఫుస్సుమంటే, లోపల మందుకూ గుండ్లకూ మధ్య ఉండే అట్టబిళ్ల గొట్టంలోనే నిలిచిపోవచ్చట. అప్పుడు గొట్టం విప్పి వెలుతురుకు పెట్టి చూడకుండా రెండోది పేల్చకూడదు. అసలు పేలకపోతే తుపాకి మూతిని మనుషులు లేని వైపే ఉంచి, కనీసం అర నిమిషం ఆగి తెరవాలి.

పెద్దాయన సందు సరిచేసి ఇచ్చాక తూటాలకు పోయా. నేను అడిగిన దుకాణంలో 65వి లేవు. "పన్నెండు బోరే కదన్నా, 70వి తీసుకో, అందరూ అవే కొడతారు" అన్నాడు కౌంటర్లో పిల్లోడు. చేను గుర్తొచ్చింది, కాయ ఊరే సమయం. అయినా వద్దని తిరిగొచ్చేశా. ఆ వారమంతా రాత్రిళ్లు టపాసులతో, డబ్బాల మోతతో సరిపెట్టుకున్నాం. పంది రెండు మళ్లు తవ్వింది.

65వి వచ్చాయని కబురు పంపినప్పుడు పోయి పది తీసుకున్నా. లైసెన్సులో లెక్క రాయించుకుని, అక్కడే బల్ల మీద ఒక్కోదాన్నీ తిప్పి అంకె చదివా. పిల్లోడు కూడా పక్కన నిలబడి చదివాడు.